సింగ్‌నగర్ నుండి గవర్నర్‌పేటకు సైకిలు మీద



విజయవాడ అనగానే మీకు కృష్ణానది, ప్రకాశం బ్యారేజి గుర్తుకు వస్తాయి. మా అజిత్‌సింగ్‌నగర్ వారికి మాత్రం ముందు బుడమేరే గుర్తుకు వస్తుంది. 2024 సెప్టెంబరు 1వ తేదీ, ఆదివారము. ఆరాధనకు బయలుదేరే వేళకే మా వీధిలో మోకాటి లోతు నీరు. బుడమేరుకు గండ్లు పడ్డాయన్న సంగతి తరువాత తెలిసింది. మేము మేడ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము, దేవునికి స్తోత్రము. క్రింద నిలిపిన కారు సాయంత్రానికి కనబడలేదు.

నీరు తీసిన తరువాత కారు తలుపు తెరిస్తే సీట్ల మీద జానెడు బురద. మెకానిక్కు ఇంజను చూచి, "రిపేరుకు పెట్టే డబ్బుతో ఇంకో పాత కారు వస్తుందండీ" అన్నాడు. నేను కట్టినది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే. వరదలో మునిగిన మన బండికి దానిలో ఒక్క పైసా రాదు. ఇంట్లో బండి ఉన్న పాఠకులు మీ కాగితం ఒకసారి తీసి చూచుకొనండి.

పని గవర్నర్‌పేటలో. మా ఇంటికి సుమారు 5 కిలోమీటర్లు. కొన్నాళ్లు ఆటోలలో తిరిగి, నెలాఖరుకు లెక్క చూచుకొని, పాత సైకిలు ఒకటి కొన్నాను. 30 ఏండ్ల తరువాత మరల పెడలు మీద కాలు పెట్టాను.

మొదటి రోజు సింగ్‌నగర్ ఫ్లైఓవరు సగమైనా ఎక్కలేక దిగి నెట్టుకుంటూ నడిచాను. వరదలో పడవలు మమ్మల్ని తెచ్చి దింపినది ఆ వంతెన దగ్గరే. కారులో పోయిన ఇన్నేళ్లలో దాని పైనుండి క్రింద రైలు పట్టాలు కూడా సరిగా చూడలేదు. ఇప్పుడు అక్కడ ఆగి ఊపిరి తీసుకోక తప్పదు. అవతల దిగి, ఏలూరు కాలువ వంతెన దాటితే ఏలూరు రోడ్డు. అక్కడినుండి భయమే. వెనుక బస్సు హారను, ప్రక్కన ఆటోలు, ముందు ఉన్నట్టుండి తెరిచే కారు తలుపు. ఆ తలుపులు నేనూ అలాగే తెరిచేవాడిని! అద్దము, వెనుక మెరిసే స్టిక్కరు పెట్టించాకనే చీకటి పడిన తరువాత తిరగడానికి ధైర్యము వచ్చింది. ఎండాకాలములో ఉదయము 8 దాటితే విజయవాడలో సైకిలు తొక్కమని ఎవరికీ చెప్పను. బీసెంట్ రోడ్డులో మాత్రం సైకిలుదే రాజ్యము. కారు పెట్టే చోటు కొరకు తిరిగి తిరిగి విసిగినవాడిని, ఇప్పుడు కొట్టు ముందే దిగుతున్నాను. కారులో పట్టిన సమయానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

రోడ్డు కంటే నాకు కష్టమైనది మందిరపు గేటు. నేను సంఘ కమిటీలో ఉన్నవాడిని. మొదటి ఆదివారము ఒక సహోదరుడు ప్రక్కకు పిలిచి, "అప్పులేమైనా అయ్యాయా బ్రదర్?" అని మెల్లగా అడిగాడు. వ్యాయామము కొరకని చెప్పాను. అది అబద్ధము. తరువాత నెల రోజులు సైకిలును మందిరము వెనుక, కుళాయి దగ్గర, ఎవరికీ కనబడకుండా పెట్టాను. మా నాన్నగారు కైకలూరు ప్రక్క పల్లెలలో ఉపదేశి. హ్యాండిలుకు బైబిలు సంచి తగిలించుకొని, వర్షములో బురద గట్ల మీద సైకిలు భుజాన మోసుకొని ప్రార్థన కూటములకు వెళ్లేవారు. ఆ ఊళ్లలో ఆయన సైకిలు గంట వినబడితే పిల్లలు ఎదురు పరుగెత్తేవారు. ఆయన కొడుకును నేను, సైకిలు దాచుకున్నాను.

మా అబ్బాయి హైదరాబాదునుండి, "నాన్నా, వాయిదాలలో కారు కొందాము" అని ఇప్పటికీ అంటున్నాడు. పెట్రోలు, వాయిదా లెక్క వేస్తే నాకు మనసు ఒప్పడము లేదు. కాని ఒక్క విషయములో కారు లేని లోటు తీరలేదు. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మగారిని ప్రతి ఆదివారము మందిరానికి తీసుకొని వచ్చేది నా కారే. మోకాళ్ల నొప్పులతో ఆమె సైకిలు వెనుక కూర్చోలేరు. ఆ వరద తరువాత మూడు ఆదివారములు ఆమె రాలేదు. నాకు తట్టనే లేదు. నా భార్యే, "ఏమండీ, పెద్దమ్మగారి సంగతేమిటి?" అని అడిగింది.

ఇప్పుడు ఆదివారము ఉదయము ముందుగా వాళ్లింటికి వెళ్తాను. కారు ఉన్నప్పుడు వీధిలోనుండే హారను కొట్టేవాడిని. ఇప్పుడు సైకిలు గోడకు ఆనించి లోపలికి వెళ్తున్నాను. కాఫీ త్రాగేదాకా ఆమె కదలనివ్వరు. మా వీధి ఆటో అబ్బాయి వస్తాడు. ఆమెను, నా భార్యను ఎక్కించి, వెనుక నేను బయలుదేరతాను. ఫ్లైఓవరు ఎక్కేచోట ఆటో ముందుకు పోతుంది. పెద్దమ్మగారు ప్రక్కనుండి తల బయటకు పెట్టి, "మెల్లగా రా అబ్బాయీ, మొదటి పాట అయిపోయినా ఫరవాలేదు" అని చెయ్యి ఊపుతారు. నేను దిగి నెట్టుకుంటూ నడుస్తాను.