సరమ అడగని ప్రశ్న

మొన్న ఆదివారం ఉదయం నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. కుశలప్రశ్నలయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నారట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. "మాస్టారూ, మీ ఇంట్లో సరమ ఉంది కదా! మీరు బయటికి వెళ్ళినప్పుడు దాన్నేం చేస్తారు? మేము బాల్కనీలో గొలుసు వేసి కట్టేసి వెళదామనుకుంటున్నాం. గాలీ వెలుతురూ ఉంటాయి, ఇల్లూ పాడు కాదు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు గొంతు తడారిపోయింది. "నాయనా, ఆ పని మాత్రం చేయకు. ఎందుకో వ్రాసి పంపుతాను" అని మాత్రం అనగలిగాను. అతనికి వ్రాయబోయినదే ఇక్కడ అందరి కోసమూ వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని ఇన్నేళ్ళుగా ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

2018లో అరవై ఏళ్ళు నిండి పదవీ విరమణ చేశాను. ఆ ఏడాది చలికాలంలో మా తెనాలి ఇంటి గేటు ముందు ఒక ఆడ కుక్కపిల్ల వణుకుతూ కనిపించింది. జాతి కుక్క కాదు, మన వీధుల్లో పుట్టి పెరిగేదే. మా ఆవిడ పాలు పోసింది. అది వెళ్ళలేదు. తెలుగు పండితుని ఇంట చేరిన ఆడ కుక్కకు వేరే పేరు ఎలా వస్తుంది? సరమ అని పిలిచాను.

ఆ కథ తెలియనివారి కోసం రెండు మాటలు. భారతంలో సరమ దేవశుని. జనమేజయుని యాగశాల దగ్గర ఆడుకుంటున్న ఆమె కొడుకు సారమేయుణ్ణి రాజు తమ్ములు నిష్కారణంగా కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. ఆమె సరాసరి రాజు ముందుకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టించారని నిలదీస్తుంది. నన్నయ ఆదిపర్వంలోని ఈ ఘట్టాన్ని నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పాను. అశక్తులకు కీడు చేసినవానికి ఎదురుచూడని భయాలు వచ్చిపడతాయని సరమ పలికిన మాటకు తాత్పర్యం కూడా వ్రాయించాను. అది నాకే పాఠమవుతుందని ఏనాడూ అనుకోలేదు.

పళ్ళు వచ్చే వయసు కదా, మా సరమ దొరికినదల్లా కొరికేది. ఒకనాడు నా శబ్దరత్నాకరం అట్టను పీలికలు చేసింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. బజారుకు వెళ్ళి గొలుసు కొని తెచ్చాను. "ఇకమీదట మనం బయటికి వెళితే ఇది ఇంట్లో ఉండడానికి వీల్లేదు" అన్నాను. "పసిది కదండీ, పుస్తకాలు పైన పెట్టుకుంటే పోలేదా?" అన్నది మా ఆవిడ. నేను వినలేదు.

2019 మే నెలలో బాపట్లలో దగ్గరి బంధువుల పెళ్ళి. ఉదయం వెళ్ళి మధ్యాహ్నం రెండింటికల్లా తిరిగి వచ్చేద్దామనుకున్నాం. మా ఇంటికి పడమటి వైపు రేకుల వసారా ఉన్నది. ఎనిమిదింటికి చూస్తే అక్కడ చక్కని నీడ. నేల చల్లగా ఉన్నది. స్తంభానికి గొలుసు కట్టాను. గిన్నె నిండా నీళ్ళు పెట్టాను. గేటుకు తాళం వేసి, అన్నీ సవ్యంగా చేశానన్న తృప్తితో బయలుదేరాను.

భోజనాల దగ్గర ఆలస్యమైంది. ఎక్కవలసిన రైలు తప్పిపోయింది. ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది.

గేటు దగ్గర పక్కింటివారందరూ నిలబడి ఉన్నారు. ఒంటిగంట దాకా సరమ అరుస్తూనే ఉన్నదట. తరువాత మూలిగిందట. ఆ తరువాత సద్దు లేకపోయేసరికి పక్కింటి ఇల్లాలికి అనుమానం వచ్చింది. మా తాళంచెవి వారి దగ్గర లేదు. ఇంటరు చదివే వారి అబ్బాయి గోడ దూకి లోపలికి వచ్చాడు. అప్పటికి వసారా నిండా పడమటి ఎండ. పైన రేకులు సెగలు కక్కుతున్నాయి. ఎండ నుంచి తప్పించుకోవాలని అది స్తంభం చుట్టూ తిరిగి తిరిగి గొలుసునంతా చుట్టేసుకున్నది. మెడ స్తంభానికి ఆనుకుపోయింది. నీళ్ళ గిన్నె జానెడు దూరంలోనే ఉన్నది. నిండుగానే ఉన్నది.

ఆ వాక్యం వ్రాసి కాసేపు ఆగవలసి వచ్చింది.

ఆ అబ్బాయి గొలుసు విప్పి, పంపు తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్ళు కాగి వస్తున్నాయట. పరుగున వెళ్ళి వాళ్ళ బోరు నీళ్ళు బకెట్లతో తెచ్చి ఒళ్ళంతా తడుపుతూ విసనకర్రతో విసిరాడు. మేము వచ్చేసరికి సరమ కళ్ళు తేలవేసి, నాలుక పక్కకు వాలిపోయి ఉన్నది. ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. మూడు రోజులు సెలైను పెట్టారు. బతికింది.

"ముందు చల్లబరిచి తరువాత తీసుకువచ్చారు కాబట్టి దక్కింది మాస్టారూ" అన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పిన సంగతులు నాకు అంతవరకూ తెలియవు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. నాలుక చాపి వగర్చడమే దానికి ప్రధానమైన సాధనం. మన కోస్తాలో లాగా గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ వగర్పు కూడా సరిగా పనిచేయదు. కుక్క మామూలు శరీరోష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. 104 దాటితే అపాయంలో పడ్డట్టే. వడదెబ్బ తగిలినప్పుడు తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. నీళ్ళు పోస్తూ గాలి తగలనివ్వాలి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చూసినది ఎనిమిది గంటల నీడను. సరమ అనుభవించినది మూడు గంటల ఎండను. సూర్యుడు పడమరకు తిరుగుతాడని తెలియనివాణ్ణా? తెలుసు. కానీ తాళం వేసే నిమిషం గురించే ఆలోచించాను గాని, తాళం తీసే దాకా గడిచే గంటల గురించి ఆలోచించలేదు. ఒంటరిగా వదిలిన ప్రాణికి కలిగే ఆపదలన్నీ ఆ గంటల్లోనే ఉంటాయి. అది తలుపు తీసుకోలేదు, ఫోను చేయలేదు, నీడకు జరగలేదు. మనం చేసి వెళ్ళిన ఏర్పాటే దానికి విధి. అందులో లోపముంటే శిక్ష దానికి పడుతుంది.

జంతు హింసా నివారణ చట్టం 1960లోనే వచ్చింది. దాని 11వ సెక్షను ప్రకారం జంతువును మరీ పొట్టి గొలుసుతో అనుచితమైనంత కాలం కట్టివేయడం నేరం. ఆ సంగతి నాకు ఆ తరువాతనే తెలిసింది. అయితే నాకు చట్టంకన్నా జానెడు దూరంలో నిండుగా ఉన్న ఆ గిన్నే ఎక్కువ పాఠం చెప్పింది.

సరమ ఇంటికి వచ్చిన మర్నాడు గొలుసు తీసి పారేశాను. మోకాళ్ళ మీద కూర్చుని, కుక్క ఎత్తు నుంచి ఇల్లంతా చూశాను. మా ఆవిడ మొదట నవ్వింది. తరువాత తనూ వచ్చి కూర్చున్నది. ఎన్ని ప్రమాదాలు కనిపించాయో! ఫ్రిజ్జు వెనక వేలాడే వైరు. గ్యాసు బండ చాటున ఎప్పుడో పెట్టి మరచిన ఎలుకల మందు. బీరువా కింద దొర్లిన కలరా ఉండ. మనవలు పారేసిన చిప్సు సంచి. ముక్కలకోసం కుక్క అందులో తల దూరిస్తే అది మూతికి అంటుకుని ఊపిరాడక ప్రాణం పోతుంది. చెత్తబుట్టలో మామిడి టెంకలు. మింగితే పేగుకు అడ్డుపడతాయి.

తినుబండారాలలోనూ మనకు అమృతమైనది దానికి విషం కావచ్చు. పాయసంలోకి తెచ్చిన కిస్‌మిస్, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్టులోని థియోబ్రోమిన్ గుండెకు, నరాలకు చేటు. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. పంచదార లేని చూయింగుగమ్ములో వాడే జైలిటాల్ మరీ ప్రమాదకరం. ఇవన్నీ ఇప్పుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలలో, పై అరలో ఉంటాయి. శబ్దరత్నాకరం కూడా పై అరలోకే చేరింది. మా ఆవిడ ముందు చెప్పినది అదే కదా!

ఇప్పుడు మా పద్ధతి ఇది. వెళ్ళే ముందు సరమను బాగా నడిపించి తీసుకువస్తాం. అలసిన కుక్క నిద్రపోతుంది. ఎండ తగలని మధ్యగదిలో, రెండు చోట్ల బరువైన గిన్నెలతో నీళ్ళు పెడతాం. ఒకటి ఒలికినా మరొకటి ఉంటుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది కనుక గాలి వచ్చే కిటికీ ఒకటి గ్రిల్లు వేసి తెరచి ఉంచుతాం. డాబా మెట్ల తలుపు మూస్తాం. మెడపట్టీ దేనికైనా తగులుకోవచ్చునని తీసేస్తాం. వెళ్ళేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్ళూ లేవు. మనం హడావిడి చేస్తే దానికి బెంగ ఎక్కువవుతుంది. మొదట అయిదు నిమిషాలు, తరువాత పావుగంట, తరువాత గంట, ఇలా కొద్దికొద్దిగా అలవాటు చేశాం. నాలుగు గంటలకు మించి వదలం. అంతకు మించే పనైతే పక్కింటివారు మధ్యలో వచ్చి చూస్తారు. మా తాళంచెవి ఒకటి ఎప్పుడూ వారి దగ్గరే ఉంటుంది. దీపావళి రాత్రి మాత్రం ఎక్కడికీ వెళ్ళం. టపాసుల చప్పుడుకు బెదిరిన కుక్క ఏ గోడైనా దూకుతుంది.

మా గేటుకు "కుక్క ఉన్నది, జాగ్రత్త" అన్న పలక చాలా కాలంగా ఉన్నది. దాని కింద మా ఫోను నంబరూ, పక్కింటివారి నంబరూ వ్రాయించాను. తాళం వేస్తూ ఆ పలకను నేనూ ఒకసారి చదువుకుంటాను.

భారతంలోని సరమ రాజును ప్రశ్నించింది. మా సరమకు నోరు లేదు. ఆసుపత్రిలో మూడోనాడు లేచి నిలబడి, తడబడే అడుగులతో నా దగ్గరికే వచ్చి చెయ్యి నాకింది. నిలదీసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో! ఇప్పుడు దానికి ఏడేళ్ళు దాటాయి. ఈనాటికీ ఆ పడమటి వసారాలో అడుగు పెట్టదు. నేను పిలిచినా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నేను కూడా బలవంతం చేయను.

నాయనా, నీ బాల్కనీ ఏ దిక్కుకు ఉన్నదో నాకు తెలియదు. ఏ దిక్కుకు ఉన్నా అక్కడ కట్టవద్దు. ఎండ ఒక్కటే కాదు, గొలుసుతో ఉండగా పిట్టను చూసి కటకటాల మీదుగా దూకితే మెడకు ఉరి పడుతుంది. నీ పిల్ల ఇంకా పసిది, నాలుగు గంటలు కూడా దానికి ఎక్కువే. మీ ఇద్దరిలో ఒకరు మధ్యాహ్నం రాగలరా, లేక నమ్మకమైన మనిషి ఒకరు దొరుకుతారా, ముందు అది చూసుకో. రేపు సెలవు పెట్టి ఒక్కరోజు ఇంట్లో కూర్చో. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏ గదిలో ఎండ ఎప్పుడు వస్తుందో చూడు. దాని చోటు ఎక్కడో ఆ తరువాత నిర్ణయించు.

శుభం.