తోటకి రిలీజ్ డేట్ ఉండదు

హైదరాబాద్ మౌలా అలీ గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూ కవయిత్రిగానే ఆమె మనకి తెలుసు. 1792లో తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం ఇక్కడ సమాధి కట్టించి, చుట్టూ తోట వేయించిందీ ఆమే. 1824లో ఆమె పోయాక తల్లి పక్కనే పడుకోబెట్టారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న మాట మన దగ్గరికి రాకముందు సంగతి ఇది.

2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ ప్రాంగణాన్ని బాగుచేశారు. రాతికి చేసిన మరమ్మతు ఏళ్ళ తరబడి ఉంటుంది. మొక్క అలా కాదు.

ఈ తేడా నాకు కారేపల్లిలో తెలిసింది. అమ్మ పోయాక ఇంటికి తాళం వేశాం. గోడలు చెక్కుచెదరలేదు, బావి గట్టూ అలానే ఉంది. అమ్మ పెంచిన మల్లెపొద మాత్రం ఖమ్మం ఎండలకి ఒక్క వేసవిలోనే ఎండిపోయింది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కట్టడం రిలీజ్, తోట మెయింటెనెన్స్. రిలీజ్‌కి శిలాఫలకం, ఫొటోలు ఉంటాయి. మెయింటెనెన్స్‌కి రోజూ పొద్దున్నే నీళ్ళ పైపు పట్టే మనిషి కావాలి. పాత తోట ఏదైనా బాగుచేశారని వింటే ఎంత ఖర్చయిందని అడుగుతాం. తోటమాలికి ఈ నెల జీతం ఎవరిస్తున్నారో కూడా అడగాలి.