నకలు తీస్తే ఏం వచ్చింది?

మా నాన్నగారి ఉత్తరాలు పొడిబారి విరిగిపోతుంటే అన్నీ స్కాన్ చేసి, బరంపురంలో మా ఇంటి లినక్స్ కంప్యూటరులో దాచాను. షోలాపూరులో ఉన్న చెల్లెలికి పెన్‌డ్రైవులో పంపాలి. ఆమె పిల్లలు మరాఠీ బడిలో చదివినవాళ్లు. తాతగారి తెలుగు దస్తూరి వాళ్లకు చేరే దారి ఇదొక్కటే.

సంవత్సరాల వారీ ఫోల్డర్లలో అసలు ఉత్తరాలున్నాయి. చెల్లెలికి రాసినవాటి కోసం విడిగా పెట్టిన ఫోల్డరులో ఉన్నవి సింబాలిక్ లింకులు. అంటే ఉత్తరాలు కావు, ఉత్తరం ఎక్కడుందో చెప్పే చీటీలు. మా పాత లెడ్జర్లలో "ఫలానా ఫోలియో చూడుడు" అని రాసినట్టు. 1983లో 4.2బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చిన ఏర్పాటిది.

వోచరు సరిచూడనిదే సంతకం చేయని ఉద్యోగం నాది. అందుకని ముందు మూడు ఉత్తరాలతో, మరో ఫోల్డరులోకి నకలు తీసి పరీక్షించాను. ఒక్క లింకును 'సీపీ' ఆజ్ఞతో తీస్తే అసలు ఉత్తరమే వచ్చింది. ఫోల్డరు మొత్తాన్ని 'సీపీ -ఆర్' అని తీస్తే చీటీలే వచ్చాయి. అసలు ఫోల్డరు పేరు మార్చి చూస్తే, ఆ చీటీల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. పాత పేరు తిరిగి పెట్టి, చిన్న ఆర్ పక్కన పెద్ద ఎల్ చేర్చి తీస్తే ఉత్తరాలే వచ్చాయి.

మీ ఇళ్లలోనూ ఇలాంటివుంటే, పంపేముందు అసలును పక్కకు జరిపి నకలు తెరిచి చూడండి. చీటీ చేరినంతమాత్రాన ఆస్తి చేరినట్టు కాదు.