రెండు క్వింటాళ్ల పత్తి, ఒక ఫోను

2025 జనవరిలో ఒక సాయంత్రం మా దాదా ఉట్నూర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటికి వచ్చాడు. పత్తి అమ్మి వస్తున్నాడు. తలకు చుట్టిన తువ్వాలలో ఇంకా దూది పీచు ఉంది. నీళ్లు తాగి, జేబులోంచి మడత పెట్టిన రంగు కాగితం తీసి నా ముందు పరిచాడు. సెల్ దుకాణం వాళ్లు పంచిన కాగితం. అందులో ఒక ఫోన్ బొమ్మ మీద వేలు పెట్టి, "పదిహేను వేలు. చిన్నోడు అడుగుతున్నడు. నువ్వు గురుజీవి, నువ్వే చెప్పు. కొనాల్నా వద్దా?" అన్నాడు.

చిన్నోడు అంటే ఆయన చివరి కొడుకు. ఎనిమిదేళ్లు. మా గూడెం బడిలోనే మూడో తరగతి.

ఆ ఏడు పొడవు పింజ పత్తికి ప్రభుత్వం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే ఆ ఫోను ఖరీదు రెండు క్వింటాళ్ల పత్తి. మా గుట్ట చేలల్లో ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు వస్తే మంచి పంట అనుకుంటాం. దాంట్లోంచి విత్తనాలకు, మందులకు, ఏరినవాళ్ల కూలికి పోగా మిగిలేది ఎంతో మా అందరికీ తెలుసు. దాదాకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ అడుగుతున్నాడు.

వెంటనే వద్దు అని చెప్పవచ్చు. గురుజీలు అలాగే చెప్తారు. కానీ నా నోరు రాలేదు. "నాగోబా జాతరకు కేస్లాపూర్‌ల కలుస్తం గదా దాదా, అప్పుడు చెప్త" అన్నాను. ఆయన కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

నా నోరు ఎందుకు రాలేదో ముందు చెప్పాలి.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసేశారు. ఆ సెప్టెంబర్ 1 నుండి మూడో తరగతి మొదలుకొని పదో తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. టీవీ లేనివాళ్లు ఫోన్‌లో చూడవచ్చని చెప్పారు. మేము ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరింట్లో టచ్ ఫోన్ ఉంది, ఎవరింట్లో ఏదీ లేదు అని రాసుకున్నాం. నేను అప్పుడు పనిచేస్తున్న గూడెంలో ఏదీ లేని ఇళ్లే ఎక్కువ. ఒక తండ్రితో నేను గట్టిగానే చెప్పాను. "నీ కొడుకు తెలివైనోడు. నాలుగో తరగతిల ఉన్నడు. ఒక్క ఏడు పోతే వెనకబడ్తడు. ఎట్లన్న చేసి ఒక ఫోన్ కొను" అన్నాను. అతను మారు మాట్లాడలేదు. ఆ వారం ఇంద్రవెల్లి సంతలో రెండు మేకలు అమ్మి ఫోన్ తెచ్చాడు.

ఆ గూడెంలో సిగ్నల్ లేదు. గుట్ట మీద ఒక బండ దగ్గర మాత్రం రెండు గీతలు వచ్చేవి. పిల్లవాడు రోజూ బండ మీద కూర్చునేవాడు. పాఠం తెలుగులో, వేగంగా నడిచేది. వాడికి అర్థమయ్యేది సగమే. అడుగుదామంటే టీవీ సారు జవాబు చెప్పడు. డేటా అయిపోయేదాకా ఆ తర్వాత ఏం చూశాడో నాకు తెలియదు, వాళ్ల నాన్నకూ తెలియదు. 2021 సెప్టెంబర్‌లో చిన్న తరగతులకు కూడా బడి తెరిచాక వాడిని చదవమంటే, ఒకప్పుడు గడగడ చదివిన వాక్యం దగ్గర ఆగిపోయాడు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ఫోన్‌లో ఆటలు మాత్రం కళ్లు మూసుకుని ఆడేవాడు. వాళ్ల నాన్న ఒకరోజు బడికి వచ్చి, కోపం లేకుండానే అడిగాడు. "గురుజీ, మీరు కొనమన్న ఫోన్ల చదువు ఎక్కడున్నది?"

నేను జవాబు చెప్పలేదు. ఆ రోజు నుండి ఎవరికైనా కొను అనాలన్నా, కొనవద్దు అనాలన్నా నాకు ఆ రెండు మేకలు గుర్తొస్తాయి.

రెండో కారణం నా ఇంట్లోనే ఉంది. దాదా అడిగిన రోజున మా పాపకు అయిదేళ్లు. నేను బడికి, నా భార్య ఆస్పత్రి డ్యూటీకి. ఆమె నర్సు. సాయంత్రం ఇద్దరం అలసిపోయి వస్తాం. వంట అయ్యేదాకా పాప అల్లరి చేయకుండా ఫోన్ చేతికి ఇవ్వడం ఎప్పుడు మొదలుపెట్టామో మాకే గుర్తు లేదు. తర్వాత అన్నం తినడానికి ఫోన్, పడుకోవడానికి ఫోన్. రాయడం రాని పాపకు యాడ్ వస్తే ఎక్కడ నొక్కాలో తెలుసు. వచ్చిన చుట్టాలు చూసి "ఎంత తెలివో" అంటే మేమూ నవ్వి ఊరుకున్నాం.

ఆ ఏడు దండారి పండుగకు పాపను నా అత్తగారి గూడానికి తీసుకుపోయాం. పాపకు ఆమె కాకో, అంటే అమ్మమ్మ. రాత్రి పొయ్యి దగ్గర పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది. మా కాకోల కథలు తొందరగా నడవవు. ముందు అడవి రావాలి, అడవిలో ఇప్పచెట్టు రావాలి, ఆ చెట్టు కిందికి ఎలుగుబంటి రావాలి. చెట్టు దాకా వచ్చేసరికి పాప కాకో చేతి మీద వేలితో నొక్కి "స్కిప్, స్కిప్" అంది.

కాకో నా వైపు తిరిగి "ఏమంటున్నది పిల్ల?" అని గోండిలో అడిగింది. ఆ మాటకు నాకు గోండి దొరకలేదు. దొరికినా చెప్పేవాణ్ణి కాదు. "నిద్ర వస్తున్నదట" అని అబద్ధం చెప్పాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బడిలో పిల్లలకు ఉండి, రండ్, మూంద్ అని గోండిలో లెక్క మొదలుపెట్టి, తర్వాత ఒకటి, రెండు, మూడు అని తెలుగులోకి తీసుకుపోతాను. టీచర్ ట్రైనింగ్‌లో మాకు మొదట నేర్పిన సూత్రం అదే: తెలిసిన దాని నుండి తెలియని దానికి. నీళ్లను యేర్ అనే పిల్లకు ముందు యేర్ అని చెప్పి, ఆ తర్వాతే నీళ్లు అని చెప్పాలి. ఇతరుల పిల్లలకు ఇంత జాగ్రత్తగా చెప్పే నేను, నా పిల్లకు కార్టూన్ హిందీ వచ్చి గోండి రాకపోతే పట్టించుకోలేదు.

కాబట్టి దాదాకు జవాబు చెప్పేముందు నా ఇల్లు చూసుకోవాలని అనుకున్నాను. జాతరకు ఇంకా రెండు వారాలుంది. పాపకు ఫోన్ ఇవ్వడం మానేశాం. మొదటి మూడు రోజులు ఏడ్చింది. అన్నం పళ్లెం తోసేసింది. నా భార్య "నీ పరీక్షలన్ని నా బిడ్డ మీదనేనా?" అని కోప్పడింది. నాలుగో రోజు పాప నన్నే అడిగింది: "మరి నువ్వెందుకు చూస్తున్నవు?"

అప్పుడు నా చేతిలో ఫోనే ఉంది. హాజరు ఫోన్‌లోనే, మధ్యాహ్న భోజనం లెక్క ఫోన్‌లోనే, ఆఫీసు మెసేజ్‌లు రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్‌లోనే. అవన్నీ పనులే అని నాకు నేను చెప్పుకోగలను. పాపకు చెప్పలేను. అందులో సగం పని, సగం అలవాటు. ఆ రోజు నుండి వంట మొదలయ్యాక మా ఇద్దరి ఫోన్లూ బియ్యం డబ్బా మీద పెట్టాం. పాప మా దగ్గరే కూర్చుని చిక్కుడుకాయలు గిల్లింది. గిల్లినవాటికంటే పారేసినవి ఎక్కువ. వంట అరగంట ఆలస్యమైంది. తర్వాత తెలిసింది, రోజూ ఆ అరగంట మిగుల్చుకోవడానికే పాప చేతికి ఫోన్ ఇస్తున్నామని.

ఇదే సంగతి మీద డాక్టర్లు ఏమంటారో కూడా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుండి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించవద్దు, తక్కువైతే ఇంకా మంచిది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా అలాంటి మాటే చెప్పి, అయిదు నుండి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉండాలంది. చిన్నపిల్లలకు మాట వచ్చేది ఎదుటివాళ్ల ముఖం చూసి, వాళ్లు అడిగితే జవాబు చెప్పి. తెర మాట్లాడుతుందే గాని వినదు. ఇది చదివాక నాకు కాకో గుర్తొచ్చింది. ఎలుగుబంటి ఎటు పోయిందని కాకో అడుగుతుంది. పిల్ల చెప్పేదాకా కథ ముందుకు పోదు.

మహారాష్ట్రలో సాంగ్లి జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్లో 2022 నుండి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తున్నారని పేపర్లలో వచ్చింది. మోగగానే గంటన్నర పాటు ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. పిల్లలు చదువుకుంటారు. అందులో నాకు నచ్చింది ఒక్కటే. అది పిల్లలకు పెట్టిన శిక్ష కాదు, పెద్దలూ ఒప్పుకున్న కట్టుబాటు. మా గూడేల్లో కూడా పటేల్ ముందర కూర్చుని అందరూ ఒప్పుకున్న మాట ఉంటే ఎవరూ దాటరు. ఒక్క ఇంట్లో ఒక్క పిల్లవాడికి చెప్తే మాత్రం వాడు పక్కింటికి పోతాడు.

జనవరి నెలాఖరులో జాతరకు పోయాం. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల దగ్గర జనం మధ్యలో దాదా దొరికాడు. నేను అనుకున్నదంతా చెప్పాను. మేకల సంగతి, పాప సంగతి కూడా దాచలేదు. ఆయన అంతా విని, నేను భయపడిన మాటే అన్నాడు.

"పట్నపోళ్ల పిల్లలకు ఉన్నది. నీ బిడ్డకు అయిదేండ్లు చూపించి ఇప్పుడు వద్దంటున్నవు. నా కొడుకుకు ఇంకా చెయ్యికే రాలేదు, అప్పుడే వద్దంటున్నవు. మనకు ఏదొచ్చినా ఆఖరికే వస్తది. వచ్చేటప్పటికి అది మంచిది కాదు అంటరు."

ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. బడి మాకు ఆలస్యంగానే వచ్చింది. రోడ్డు, కరెంటు కూడా అంతే. ఫోన్ చెడ్డది అని చెప్పేవాళ్లలో చాలామంది చేతిలో ఫోన్ పెట్టుకునే చెప్తారు. పైగా ఫోన్‌లో మనకు పనికొచ్చేదీ ఉంది. గుంజాలలో దొరికిన మన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రేపు మన పిల్లలు ఆ అక్షరాలతో మెసేజ్ రాసుకోవాలంటే ఫోనే కావాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్షల హాల్‌టికెట్, ఫలితాలు అన్నీ అందులోనే. ఫోన్ తెలియని ఆదివాసీ పిల్లవాడు ఇంటర్‌కు వెళ్లాక ప్రతి దరఖాస్తుకూ ఇంకొకరి దుకాణం ముందు నిలబడాలి.

అందుకే దాదాతో వాదించలేదు. ఒక్కటే అడిగాను. "ఈ ఫోన్ పేరు ఎవరిది? చిన్నోడిదా, ఇంటిదా?"

తేడా ఏమిటన్నాడు. నాగలిని చూపి చెప్పాను. ఇంట్లో నాగలి ఉంటుంది. పిల్లవాడు దాని పక్కనే పెరుగుతాడు, నాన్న దున్నుతుంటే వెంట నడుస్తాడు, ఒకరోజు మేడి పట్టుకుంటాడు. ఎనిమిదేళ్లకు నాగలి కొనిచ్చి ఇది నీదిరా అనం. ఫోన్ కూడా ఇంటిదైతే పెద్దవాళ్ల కళ్ల ముందు ఉంటుంది. పిల్లవాడిదైతే దుప్పటి కిందికి పోతుంది. పక్క ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ట్యాబులు పంచినప్పుడు, 2022 డిసెంబర్‌లో, ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చింది. మూడో తరగతికి ఇవ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పాను. చిన్నోడికి లెక్కలు రావడం లేదని ఫోన్ కొనాలనుకుంటే, వాడికి లెక్కలు వచ్చు. ఎండాకాలం వాడు వాళ్లమ్మ పక్కన కూర్చుని తునికాకు కట్ట కడతాడు. కట్టకు యాభై ఆకులు. రెండు కట్టలకు ఎన్ని, నాలుగు కట్టలకు ఎన్ని అని అడిగితే ఠక్కున చెప్తాడు. పలక మీద యాభై గుణించు నాలుగు అని రాస్తేనే రాదు. ఆ రెండింటినీ కలిపే మనిషి కావాలి. ఆ పని గురుజీది. పదిహేను వేల ఫోన్ చేసే పని కాదు. వాడి బడి గురుజీతో నేను మాట్లాడతానని మాటిచ్చాను. మాట్లాడాను కూడా.

దాదా నా మాట పూర్తిగా వినలేదు. ఎనిమిది వేలలో ఒక ఫోన్ కొన్నాడు. అది ఇంటర్ చదువుతున్న పెద్ద బిడ్డ దగ్గర ఉంటుంది. చిన్నోడికి ఆదివారం కాసేపు ఇస్తారు. ఆ కాసేపు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని వదిన చెప్తుంది. మిగిలిన డబ్బులో కొంత అప్పుకు పోయింది, కొంతతో చిన్నోడికి పాత సైకిల్ వచ్చింది. వాడు ఇప్పుడు మోకాళ్ల నిండా దెబ్బలతో తిరుగుతున్నాడు.

మా పాప సంగతి. ఇప్పటికీ నేను, నా భార్య ఇద్దరం అలసిపోయిన రోజు ఫోన్ డబ్బా మీద నుండి దిగుతుంది. నెలలో రెండు మూడుసార్లు ఓడిపోతాం. కానీ వేసవిలో నెల రోజులు కాకో దగ్గర ఉంచితే, ఎలుగుబంటి చెట్టు దిగిందా లేదా అని గోండిలోనే అడుగుతుంది. తప్పులతో అడుగుతుంది. కాకో దిద్దుతుంది.

తోటి గురుజీలకు నా మనవి. తల్లిదండ్రులు మనల్ని నమ్మి అడుగుతారు. మనం ఊ అంటే మేకలు అమ్ముతారు. కాబట్టి జవాబు చెప్పేముందు ఆ గూడెంలో సిగ్నల్ ఉందో లేదో చూడండి, పిల్లవాడి వయసు చూడండి, పక్కన కూర్చునే పెద్దమనిషి ఉన్నాడో లేడో అడగండి. ఆ తర్వాత మన ఇంట్లో మన పిల్లల చేతుల్లో ఏముందో కూడా చూసుకుందాం.

మేకలు అమ్మిన ఆ తండ్రి కొడుకు ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గరికి పంపమని వాళ్ల నాన్నకు చెప్పాను. పోయిన వేసవిలో ఇరవై రోజులు వచ్చాడు. రోజూ ఒక పేజీ పైకి చదివించాను. ఇంకా తడబడుతున్నాడు. ఈ వేసవికీ రమ్మన్నాను.