శునకములకు మందులు మింగించుట : నా అనుభవము

మనుషులకు మందులు వ్రాయుటలో ముప్పై రెండు సంవత్సరములు గడిపినవాడిని. అట్టి నేను ఒక కుక్కచేత పూటకొక మాత్ర మింగించలేక ఆరు దినములు ఓడిపోయాను. ఆ తరువాత నేర్చుకున్న విషయములు కుక్కలను పెంచేవారికి ఉపయోగపడతాయని ఈ వ్యాసము వ్రాస్తున్నాను. ఇంట కుక్క లేనివారు కూడ చివరివరకు చదువవలసినదిగా కోరుతున్నాను.

మేము విజయనగరములో ఉంటాము. మా టైగరు నాటుకుక్క. పేరుకే టైగరు గాని, గోడమీద పిల్లి కనిపిస్తే మంచము క్రింద దూరుతుంది. రెండేళ్ళ క్రితము వానకాలములో దానికి జ్వరము వచ్చి అన్నము ముట్టడము మానేసింది. మూడవ దినమున ముక్కునుంచి రక్తము కారింది. పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. చెవుల లోపల, కాలివ్రేళ్ళ సందులలో పిడుదులు దొరికాయి. రక్తపరీక్షలో రక్తఫలకములు బాగా తగ్గి ఉన్నాయి. పిడుదుల కాటువలన వ్యాపించే ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి దీనికి కారణము. అది తెల్లకణములలో చేరి వృద్ధి చెందుతుంది.

పశువైద్యులు డాక్సీసైక్లిన్ మాత్రలు ఉదయము, సాయంత్రము ఒక్కొక్కటి చొప్పున నాలుగు వారములు వాడమన్నారు. మధ్యలో మానితే వ్యాధి తగ్గినట్లే ఉండి లోపల దాగుతుందని, కొన్ని కుక్కలలో నెలల తరువాత ఎముకల మజ్జను దెబ్బతీస్తుందని హెచ్చరించారు. నేను తల ఊపి వచ్చాను. మాత్ర వేయడము నాకొక లెక్కా అనుకున్నాను.

మొదటి రెండు దినములు బలప్రయోగము చేశాను. మా అబ్బాయి పట్టుకుంటే నేను నోరు తెరిచి మాత్ర వేసేవాడిని. మూడవ దినమున టైగరు నా కుడిచేతి చూపుడువ్రేలిని కరిచింది. తప్పు దానిది కాదు. గాయమును సబ్బుతో ధారగా పారే నీటి క్రింద పదిహేను నిమిషములు కడుక్కున్నాను. టైగరుకు ఏటేటా రేబీస్ టీకా వేయిస్తున్నాము. అయినను చర్మము చీలి రక్తము వచ్చినది కనుక గాయములోనికి ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆపై టీకాలు తీసుకున్నాను. ఒకప్పుడు బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడిచిన వైద్యుల తరమువాడిని నేను. ఆ పాత టీకా తయారీ మన దేశములో 2004 సంవత్సరాంతమునకు ఆగిపోయింది. ఇప్పుడు భుజములకు నాలుగు పర్యాయములు చాలును. పెంపుడు కుక్కే గదా అని కాటును ఎన్నడూ ఉపేక్షించకండి.

మరొక హెచ్చరిక. కుక్క మింగలేకపోతున్నా, చొంగ కారుస్తున్నా, దాని నడవడి మారినా గొంతులో ఎముక అడ్డుపడిందనుకొని నోటిలో చేయి పెట్టకండి. రేబీస్ వ్యాధి కూడ అలాగే కనిపించవచ్చును. ముందు పశువైద్యులను సంప్రదించాలి.

నాల్గవ దినమునుంచి ఉపాయము మార్చాను. అన్నములో మాత్ర కలిపితే టైగరు వాసన చూసి గిన్నె వదిలి వెళ్ళింది. అసలే జ్వరములో ఉన్న జీవి, తినే నాలుగు మెతుకులు కూడ మానుకుంది. మాత్రను ఇడ్లీ ముక్కలో పెడితే మాత్రము నా యెదుటే తిన్నది. సంతోషించాను. ఆరవ దినమున మా ఇంట పనిచేసే ముసలమ్మ తులసికోట వెనుక ఊడ్చి, తడిసి రంగు వెలిసిన మాత్రలు నాలుగు తెచ్చి నా అరచేతిలో పోసింది. ఇడ్లీ మింగి, మాత్రను దవడలో దాచుకొని, కోట వెనుక ఉమ్మి వస్తున్నదన్న మాట!

నేను కుక్కను గద్దించబోతే ఆమె అన్నది: “మందెట్టడానికి తప్ప దాన్ని మరి పిలవరు గదా బాబూ! మీ గొంతిన్నాదంటే పారిపోతంది. మరేటికొస్తాది?”

ఆ మాట నిజము. మరునాటినుంచి ఆమె చెప్పినట్లు చేశాము. పశువైద్యులతో మాట్లాడి, వారి సలహాతో నాలుగు వారముల లెక్కను మరల మొదటినుంచి ప్రారంభించాము. ఆ పద్ధతి ఇది:

మొదట, రోజుకు నాలుగైదు సార్లు మందు లేకుండానే పిలిచి, నిమిరి, ఒక చిన్న ముద్ద పెట్టాలి. పిలుపు అంటే మందు అనే భయము పోతుంది.

రెండు, ఆకలి మీద ఉన్నప్పుడు మూడు ముద్దలు సిద్ధము చేసుకోవాలి. మొదటిది ఒట్టి ముద్ద, రెండవది మాత్ర ముద్ద, మూడవది మరల ఒట్టి ముద్ద. మూడవది కళ్ళ ముందు కనిపిస్తుంటే రెండవదానిని నమలక గుటుక్కున మింగుతుంది. ముద్దలు ఉసిరికాయంత ఉంటే చాలును.

మూడు, మాత్రను పట్టుకున్న చేతితో ముద్ద చుట్టకూడదు. ఆ వాసనను కుక్క ఇట్టే పసిగడుతుంది.

నాలుగు, ముద్దకు ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప, ఉడికించిన కార్జము, అరటిపండు పనికివస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషతుల్యము. డాక్సీసైక్లిన్ వాడేటప్పుడు పాలు, పెరుగు వద్దు. వాటిలోని కాల్షియము మందుతో కలిసి, అది రక్తములోనికి చేరడమును తగ్గిస్తుంది. మన చోళ్ళలో కూడ కాల్షియము అధికము కనుక చోడి అంబలితో కూడ నేను ఇవ్వలేదు.

ఐదు, మింగినట్లు చూడాలి. మింగిన కుక్క సాధారణముగా నాలుకతో ముక్కు నాకుకుంటుంది. పిమ్మట కొంచెము నీరు త్రాగించాలి. ఈ మాత్ర అన్ననాళములో నిలిచిపోతే అక్కడ పుండు పడుతుంది.

ఆరు, ద్రవరూపములో ఉన్న మందును సూది లేని సిరంజితో చెంప ప్రక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. తల వెనుకకు వంచి గొంతులో పోస్తే ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మాత్రలను నూరడము, గొట్టములను విప్పడము వైద్యులను అడగకుండా చేయకూడదు.

మనుషుల మందులు మాత్రము సొంతముగా వేయకండి. ఐబుప్రోఫెన్ కుక్కల జీర్ణాశయములో పుండ్లు కలిగిస్తుంది, మూత్రపిండములను చెరుపుతుంది. పారసిటమాల్ మోతాదు మించితే కాలేయమును దెబ్బతీస్తుంది. టైగరుకు జ్వరము చూసి నా చేయి కూడ మందులపెట్టె వైపు పోయింది. వైద్యుడినన్న ధైర్యము ఒక్కొక్కసారి అపాయకరము.

నాలుగు వారములు పూర్తి అయ్యేసరికి రక్తఫలకములు మామూలు స్థాయికి వచ్చాయి. ఇప్పుడు టైగరు మూడు ముద్దల వేళకు తానే వచ్చి కూర్చుంటుంది, మందులు లేకపోయినా.

ఇక అసలు విషయము. తులసికోట వెనుక దొరికిన మాత్రలను చేతిలోనికి తీసుకున్నప్పుడు నాకు 1980ల నాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. అప్పుడు పాలకొండ ప్రాంతములో ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో పనిచేసేవాడిని. క్షయవ్యాధికి ఏడాది, ఏడాదిన్నర మాత్రలు వాడవలసిన రోజులవి. నెలకు సరిపడ మాత్రలు పొట్లము కట్టి ఇచ్చేవారము. ఒక కూలి మనిషికి ఎంతకూ దగ్గు తగ్గలేదు. ఒకనాడు అతని భార్య ఇంటి చూరులో దొరికిన మాత్రల పొట్లములు తెచ్చి నా బల్లమీద పెట్టింది. నేను అందరి ముందు అతనిని తిట్టాను. ప్రభుత్వపు సొమ్ము వృథా చేశావన్నాను. అతడు తల వంచుకొని విన్నాడు. పరగడుపున మాత్రలు వేసుకుంటే కడుపులో మంట అని, తిని వేసుకుందామంటే పొద్దున తినడానికి ఏమీ ఉండదని తరువాత అతని భార్య నర్సుతో చెప్పిందట. అతడు మరల ఆసుపత్రికి రాలేదు. నేను కబురు కూడ చేయలేదు.

1997లో మన దేశములో ప్రారంభమైన సవరించిన క్షయ నివారణ కార్యక్రమములో, ఆరోగ్యకార్యకర్త ఎదుటే రోగి మాత్ర మింగే పద్ధతి వచ్చింది. మంచి పద్ధతి. కాని మింగించేవారు రోగికి కావలసినవారై ఉండాలి. కుక్కకు నోరు లేదు కనుక కారణము నేనే వెదకి తెలుసుకున్నాను. ఆ మనిషికి నోరు ఉన్నది, నేను అడుగలేదు.

మీ ఇంట రక్తపుపోటుకో, మధుమేహమునకో మాత్రలు సరిగా వేసుకోని పెద్దవారు ఉంటే, దిండు క్రింద మాత్రలు దొరికిన నాడు కోపగించకండి. ప్రక్కన కూర్చొని ఎందుకు వేసుకోవడము లేదో అడగండి. మాత్ర పెద్దదై గొంతు దిగకపోవచ్చును, వేసుకుంటే తల తిరుగుతుండవచ్చును, ఖర్చునకు జంకి రెండు రోజులకొకటి వేసుకుంటూ ఉండవచ్చును. ఆ జవాబును వారి వైద్యులకు చెప్పండి. చాలా వాటికి మార్గము ఉంటుంది.