ఫిల్మ్‌నగర్‌లో కారుకు పునర్జన్మ!

పొద్దున ఆరింటికి జూబ్లీహిల్స్‌ చెక్‌పోస్టు దగ్గర దిగి ఫిల్మ్‌నగర్‌ వైపు నడిచి చూడండి. రామానాయుడు స్టూడియోకి వెళ్లే యూనిట్‌ వ్యాన్లు, జనరేటర్‌ బండ్లు, కృష్ణానగర్‌ నుంచి ఆటోల్లో వచ్చే జూనియర్‌ ఆర్టిస్టులు, ఫిలిం ఛాంబర్‌ ఎదుట చాయ్‌ గ్లాసులతో నిలబడ్డ మేనేజర్లు... పట్నమంతా నిద్రలో ఉండగానే ఇక్కడ సగం పని అయిపోతుంది. ఈమధ్య అలా వెళ్లినప్పుడే ఓ చిన్న దృశ్యం కంటపడింది. రోడ్డు పక్కన ఆగిన తెల్ల అంబాసిడర్‌ ముందు ఆర్ట్‌ డిపార్ట్‌మెంట్‌ కుర్రాడొకడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. బంపర్‌ మీది అసలు నంబరును స్టిక్కరుతో కప్పి, దానిమీద ‘ఏపీ’తో మొదలయ్యే పాత నంబరు అతికిస్తున్నాడు. కథ ఎప్పటిదో మరి! రాష్ట్రం విడిపోయాక 2014 జూన్‌లో ‘టీఎస్‌’ వచ్చింది, 2024 మార్చిలో అది ‘టీజీ’ అయింది. అందుకే సినిమాలో ఏ ఏడాదో తెలియాలంటే నంబర్‌ ప్లేటు చూస్తే చాలు. అయిదు నిమిషాల్లో ఆ కారు పాతికేళ్లు వెనక్కి వెళ్లిపోయింది. సాయంత్రం ప్యాకప్‌ చెప్పాక స్టిక్కరు పీకేస్తారు. మళ్లీ మామూలే.

ఆ కుర్రాణ్ని చూస్తుంటే మా బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి కాస్ట్యూమ్స్‌ విభాగంలో పనిచేసేవాడు. కృష్ణానగర్‌లో రెండు గదుల ఇల్లు. రాత్రి షూటింగు ముగిశాక ఇస్త్రీ బట్టల మూటలతో ఆటో దొరక్క తిప్పలు పడేవాడు. ‘మగధీర’ విడుదలైన ఏడాది, అంటే 2009లో, చీటీ పాడి మరీ సెకండ్‌హ్యాండ్‌ కారు కొన్నాడు. బండి అద్దంలా ఉంది. ఆర్‌సీ ఉంది, ఇన్సూరెన్స్‌ ఉంది, పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చిన ఎన్‌వోసీ కూడా ఉంది. పిన్ని కొబ్బరికాయ కొట్టింది. ఫిల్మ్‌నగర్‌ దైవసన్నిధానం గుడికి తీసుకెళ్లి పూజ కూడా చేయించారు. పది నెలలు తిరిగాక ఒకరోజు పొద్దున్నే పోలీసులొచ్చారు. బానెట్‌ ఎత్తారు, టార్చ్‌ వేసి చూశారు, ఏదో రాసుకున్నారు. ఆ కారు ఎవరిదో వేరే వాళ్లదట. రెండేళ్ల కిందట పోయిందట. మరి చేతిలో ఉన్న కాగితాలు? అవి అసలైనవే. కాకపోతే, ఇంకో కారువి!

పునర్జన్మ కథలంటే మన సినిమావాళ్లకి ఎప్పుడూ మోజే. 1964 నాటి ‘మూగమనసులు’ నుంచి ‘మగధీర’, 2014లో వచ్చిన ‘మనం’ దాకా. కార్ల దొంగలూ సరిగ్గా ఆ కథే నడిపిస్తారు. ఒక కారు యాక్సిడెంటులో నుజ్జయిపోతుంది. బాగుచేయడానికయ్యే ఖర్చు దాని విలువను మించిపోతుంది కాబట్టి ఇన్సూరెన్స్‌ కంపెనీ యజమానికి డబ్బిచ్చేసి, ఆ తుక్కుని వేలం వేస్తుంది. తుక్కు కొనేవాళ్లలో చాలామంది డోర్లకో, ఇంజిన్‌ భాగాలకో కొంటారు. ముఠాకి కావలసింది ఇనుము కాదు... ఆర్‌సీ, ఛాసిస్‌ నంబరు. అవి చేతికొచ్చాక అదే కంపెనీ, అదే మోడల్‌, అదే రంగు కారు ఎక్కడుందో వెతుకుతారు. దాన్ని దొంగిలించి, ఒంటిమీది నంబరు గీకేసి, చచ్చిపోయిన కారు నంబరు కొడతారు. శరీరం ఒకరిది, జాతకం మరొకరిది. ఆ తర్వాత రాష్ట్రం మార్చేస్తే అడిగేవాడుండడు.

ఇలాంటి ముఠాల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పని. ఎత్తుకొచ్చేవాడు ఒకడు, గీకేవాడు ఒకడు, కాగితాలు పుట్టించేవాడు ఇంకొకడు, అమ్మేవాడు వేరొకడు. ఒకడికి ఒకడు తెలియకపోవచ్చు కూడా. ఒక దొంగను పట్టుకుంటే కేసు ముగియకపోవడానికి కారణం అదే. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో వ్యవస్థీకృత నేరాల సెక్షన్‌లో వాహనాల దొంగతనాన్నీ పేరు పెట్టి చేర్చారు.

దొంగతనానికి ఇనుప కడ్డీలూ మారుతాళాలూ అక్కర్లేని రోజులివి. 2021 జనవరిలో ఫిల్మ్‌నగర్‌ పక్కనే ఉన్న బంజారాహిల్స్‌లో, ఒక స్టార్‌ హోటల్‌ పార్కింగ్‌ నుంచి కన్నడ నిర్మాత ఒకరి ఫార్చ్యూనర్‌ మాయమైంది. అద్దం పగల్లేదు, అలారం మోగలేదు. రాజస్థాన్‌కి చెందిన ఆ దొంగ దగ్గర, కారు కంప్యూటర్‌తో మాట్లాడి కొత్త తాళంచెవిని తయారుచేసుకునే పరికరాలు ఉన్నాయని తేలింది. చేతనైతే పట్టుకోండి అంటూ పోలీసులకే సవాలు విసిరాడని అప్పట్లో పత్రికలు రాశాయి. చివరకు బెంగళూరు పోలీసులకు చిక్కాడు. 2022లో బంజారాహిల్స్‌ పోలీసులు పీటీ వారంటు మీద ఇక్కడికి తీసుకొచ్చారు. తెర మీదైతే ఆ సవాలు దగ్గర ఇంటర్వెల్‌ పడేది.

ఇంతకీ పోలీసులు పోల్చుకునేదెలా? ప్లేటు చూసి కాదు. ప్రతి కారు ఒంటిమీదా 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఛాసిస్‌ నంబరు ఉంటుంది. కొన్నింటికి బానెట్‌ కింద, కొన్నింటికి ముందు సీటు కింద. మొదటి మూడూ తయారీదారును చెబుతాయి. ‘ఎంఏ3’ అంటే మారుతీ, ‘ఎంఏటీ’ అంటే టాటా. ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఆ నంబర్లో ఎక్కడా రావు. ఒకటి, సున్నాలతో పొరపడతారని వాటిని తీసేశారు. తొందరపాటు దొంగలు ఇక్కడే దొరికిపోతారు. అక్షరాల మధ్య ఎడం తేడా వస్తుంది, ఒకటి పైకి ఒకటి కిందకి పడుతుంది, చుట్టూ రంగు కొత్తగా మెరుస్తుంది.

బాగా ఆరితేరినవాడు గీకినా ఆశ ఉంటుంది. నాంపల్లి దాటి రెడ్‌హిల్స్‌ వెళ్తే ఫోరెన్సిక్‌ సైన్స్‌ ల్యాబొరేటరీ కనిపిస్తుంది. ఈ కథలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ ల్యాబ్‌లు చేసే పనే. ఉక్కు మీద అచ్చు కొట్టినప్పుడు పైన గుంట పడటమే కాదు, ఆ దెబ్బకి లోపలి లోహం కూడా నలుగుతుంది. పైపైన గీకేస్తే గుంట పోతుందిగానీ నలుగుడు పోదు. అక్కడ నున్నగా సానబట్టి, ఆమ్లం, రాగి లవణం కలిపిన ద్రావణంతో తుడుస్తారు. నలిగిన చోట లోహం ఒకలా, నలగని చోట మరోలా స్పందిస్తుంది. కాసేపటికి పాత నంబరు మసకమసగ్గా పైకి తేలుతుంది. క్షణాల్లో మళ్లీ కరిగిపోవచ్చు కాబట్టి కెమెరా సిద్ధంగా పెట్టుకుంటారు. మన కథానాయకుడికి గతజన్మ గుర్తొచ్చే సీనుకి ఇంతకంటే మంచి షాట్‌ ఉంటుందా!

కారునే దొంగిలించనక్కర్లేదు, దాని పుట్టుకని దొంగిలించినా చాలు. బీఎస్‌-3 వాహనాల అమ్మకాల్ని, రిజిస్ట్రేషన్లని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌ 1 నుంచి ఆపేసింది. మిగిలిపోయిన బండ్లను తుక్కు కింద కొని, నకిలీ పత్రాలతో బీఎస్‌-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టర్‌ చేయించారన్న ఆరోపణపై 2020 జూన్‌లో తాడిపత్రి మాజీ ఎమ్మెల్యేనీ ఆయన కొడుకునీ పోలీసులు హైదరాబాద్‌లోనే అరెస్టు చేశారు. తాము తప్పు చేయలేదన్నది ఆ కుటుంబం మాట. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్‌ వాళ్లు సినిమా నటుల ఇళ్లలోనూ సోదాలు చేశారు. భూటాన్‌ నుంచి తెచ్చిన పాత బండ్లకు మన దేశంలో దొంగ పుట్టుక సృష్టించారన్నది అభియోగం. ఆ ఆపరేషన్‌కు పెట్టిన పేరు ‘నుమ్‌ఖోర్‌’. భూటాన్‌ భాషలో వాహనం అని అర్థం. అదే ఏడాది మేలో, విదేశీ విలాసకార్ల ధర తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టారంటూ హైదరాబాద్‌కు చెందిన ఒక వ్యాపారిని డీఆర్‌ఐ అరెస్టు చేసింది. ఆ కార్లు దుబాయ్‌, శ్రీలంకల మీదుగా స్టీరింగు కుడివైపుకి మార్పించుకుని వచ్చాయట.

ఫిల్మ్‌నగర్‌కు 2023లో సొంత పోలీస్‌స్టేషన్‌ వచ్చింది. బంజారాహిల్స్‌ రోడ్‌ నంబర్‌ 12లో కమాండ్‌ కంట్రోల్‌ సెంటర్‌ టవర్లు 2022 ఆగస్టు నుంచి నగరాన్ని కెమెరాల్లోంచి చూస్తున్నాయి. కెమెరా చదివేది మాత్రం ప్లేటునే. మీ నంబరే ఇంకెవడో పెట్టుకు తిరిగితే, మీరు ఎన్నడూ వెళ్లని రోడ్డు మీద సిగ్నల్‌ దాటినందుకు మీకు చలానా వస్తుంది. అలాంటిదొస్తే విసుక్కుని కట్టేయకండి. ఫొటోలోని కారు మీదేనా అని చూసి పోలీసులకు చెప్పండి. కేసు తీగ దొరికేది ఒక్కోసారి అక్కడే.

సెకండ్‌హ్యాండ్‌ కొంటున్నారా? ముందు మెకానిక్‌ చేత ఛాసిస్‌ నంబరు వెతికించి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. దొంగబండ్ల వివరాలు జాతీయ నేర గణాంక సంస్థ దగ్గర ఉంటాయి. డిజిటల్‌ పోలీస్‌ పోర్టల్‌లో నంబర్లిస్తే ఆ జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. 2019 ఏప్రిల్‌ తర్వాత తయారైన బండికి హైసెక్యూరిటీ ప్లేటు, అద్దం మీద స్టిక్కరు తప్పనిసరి. క్లెయిమ్‌ల చరిత్ర ఇన్సూరెన్స్‌ కంపెనీని అడగండి. ఒకప్పుడు ‘టోటల్‌ లాస్‌’ అని తేలిన బండి మీ ఎదుట మెరుస్తూ నిలబడితే, అనుమానించాల్సిందే.

ఎందుకంటే చట్టం దగ్గర జాలికి చోటు తక్కువ. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. దొంగకు హక్కు లేదు కాబట్టి వాడి దగ్గర కొన్నవాడికీ, వాడి తర్వాతవాడికీ, మా బాబాయికీ లేదు. బండి పాత యజమానిది. ఆయనకు ఇన్సూరెన్స్‌ డబ్బు ముట్టి ఉంటే కంపెనీది. కట్టిన డబ్బు అమ్మినవాణ్ని అడగాలి. బాబాయికి బండి అమ్మినాయన దుకాణం అప్పటికే మూతపడింది, ఫోను మోగలేదు. తనే దొంగ కాదని చెప్పుకోవడానికి నెల రోజులపాటు స్టేషన్‌ చుట్టూ తిరిగాడు. యూనిట్‌లో కొందరు వెనకాల నవ్వారని పిన్ని ఇప్పటికీ బాధపడుతుంది.

కేసుల్లో పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో తుప్పు పట్టనివ్వకుండా త్వరగా అప్పగించాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారు మాత్రం చాన్నాళ్లు స్టేషన్‌ ఆవరణలో వేపచెట్టు కింద ఉంది. పూజ చేయించినప్పటి నిమ్మకాయ తీగ బంపర్‌కి వేలాడుతూనే ఉండేది. బాబాయి అటువైపు వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాడు. చీటీ డబ్బు మాత్రం ఇంకో పద్నాలుగు నెలలు కట్టాడు.

ఇప్పుడాయన రిటైరయ్యాడు. మొన్న మా తమ్ముడు పాత కారు చూడ్డానికి వెళ్తుంటే నేనూ వస్తానంటూ చెప్పులేసుకున్నాడు. అక్కడ అందరూ సీట్లూ మ్యూజిక్‌ సిస్టమూ చూస్తుంటే ఆయన మాత్రం కళ్లజోడు సర్దుకుని, సెల్‌ఫోన్‌ లైటు వేసి, బానెట్‌లోకి వంగాడు. వేలితో తడుముతూ ఒక్కో అక్షరం పైకి చదివాడు. మా తమ్ముడు ఆర్‌సీ పట్టుకుని టిక్కులు పెట్టాడు. పదిహేడూ సరిపోయాయి. ‘‘ఇంకోసారి చదువుతాను రా’’ అన్నాడు బాబాయి.