పెంచలకోనకు కాలిదారి

12 జనవరి 2025, ఆదివారం. అనంతసాగరం

సంక్రాంతి పండగ వెళ్ళగానే నరసింహస్వామి కొలువున్న పెంచలకోనకు నడిచిపోవడం ఖాయమైంది. మామ కూడా వస్తానన్నాడు. "బస్సులుండంగా ఈ వయసులో కాళ్ళీడ్చుకుంటా పోయేదేంది?" అని అత్త కోప్పడింది. "మా నాయన నన్ను నడిపించే తీసకపోయినాడు. ఇప్పుడు పోకుంటే ఇంకెప్పుడు పోతాను?" అన్నాడు మామ. ఆ మాటతో అత్త కూడా మెత్తబడి, దారికి అటుకులు, బెల్లం, వేరుసెనగ కాయలు సర్దడం మొదలుపెట్టింది.

ఈమధ్య రాత్రిపూట జపానువాళ్ళ కుమానో యాత్ర గురించి చదువుతున్నాను. కీ ద్వీపకల్పం కొండల్లో హోంగూ, హయతామ, నాచి అని మూడు పెద్ద క్షేత్రాలున్నాయి. చక్రవర్తుల దగ్గర్నుంచి పేదాసాదా దాకా వందల ఏళ్ళుగా అందరూ అక్కడికి నడిచినవాళ్ళే. కొండదారిలో యాత్రికుల బారును చూసి అక్కడివాళ్ళు చీమలతో పోల్చేవారట. 1201లో గోతోబా అనే మాజీ చక్రవర్తి వెంట వెళ్ళిన ఫుజివారా తెయికా అనే కవి, దారి పొడవునా డైరీ రాసుకున్నాడు. వాన, జబ్బు, అలసట, బస సరిగా దొరకని రాత్రులు, ఏదీ దాచుకోలేదు. అంత పెద్ద కవి ఒళ్ళు నొప్పులు కూడా రాసుకున్నాడని చదివాకే నాకూ రాయాలనిపించింది. రాసుకోవడానికి ఈ నోటుపుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

16 జనవరి, గురువారం. సోమశిల

చీకటితోనే చెరువు కట్ట ఎక్కాం. మంచు పొలాల మీద కదలకుండా ఉంది. కొత్తగా నాట్లు పడిన మళ్ళలో నీళ్ళు, గట్ల మీద కొంగలు. ఇది శ్రీకృష్ణదేవరాయలవారి కాలపు చెరువని మా పెద్దలు చెప్తారు. ఉదయగిరి కోట గెలిచిన 1514లోనే, జూలై నెలలో, ఆయన తిరుమల వెళ్ళి వేంకటేశ్వరుని సేవించుకున్నాడు. కోట గెలిచినవాడు కూడా కొండకు పోయి తలవంచిన సీమ మాది. పొద్దున ఆ సంగతి చెప్తే మామ చాలా సంతోషించాడు.

సాయంత్రానికి సోమశిల చేరాం. వెలికొండలను చీల్చుకొని పెన్న మైదానంలోకి వచ్చేది ఇక్కడే. సోమేశ్వరునికి మొక్కుకొని జలాశయం చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. నిండితే 78 టీఎంసీల నీళ్ళు. మా మళ్ళు పచ్చగా ఉండేది, నెల్లూరు డెల్టా పండేది వీటి చలవే. వీటికోసం కొండకు పడమట, కడప వైపు, ఊళ్ళకు ఊళ్ళు మునిగిపోయాయి. "ఆ ఊళ్ళోళ్ళు కొండ దాటి కోనకొచ్చేవాళ్ళు, తప్పెట్లు కొట్టుకుంటా" అన్నాడు మామ నీళ్ళకేసి చూస్తూ.

కుమానోలోని హోంగూ ఆలయం కూడా నీటిపాలైనదే. పూర్వం అది ఏటి మధ్య ఇసుకదిబ్బ మీద ఉండేది. 1889 వరద దాన్ని పెళ్ళగించింది. మిగిలినవి ఎత్తైన చోటికి చేర్చి మళ్ళీ గుడి నిలబెట్టారు. పాతచోటును మాత్రం వదల్లేదు. అక్కడ 2000లో దాదాపు 34 మీటర్ల ఎత్తున తోరణద్వారం కట్టారు. యాత్రికులు రెండు చోట్లా మొక్కుతారు. మునిగిన మన ఊళ్ళ పేర్లు చెక్కిన రాయి ఒకటి ఈ గట్టు మీద ఉండాలి. వాళ్ళ త్యాగం మీద పంట పండించుకొనే మేమే ఆ రాయి నిలపాలి.

17 జనవరి, శుక్రవారం. కలువాయి దాటాక

కాళ్ళు బొబ్బలెక్కాయి. మామకేమీ కాలేదు. ఆయన చెప్పులు వేసుకోలేదు, దీక్ష అన్నాడు.

దారిలో సోమశిల నుంచి కండలేరుకు పోయే వరద కాలువ తగిలింది. కండలేరు జలాశయం నుంచి ఆ నీళ్ళు తెలుగుగంగ కాలువలో పడి మద్రాసు దాకా పోతాయి. కాలువ చూస్తే ప్రాణం లేచి వచ్చింది కానీ తారు రోడ్డు మీద నీడే లేదు. నిమ్మతోటలు దగ్గరపడ్డప్పుడే కాస్త చల్లగాలి.

మామ చిన్నతనంలో ఈ దారి ఎట్లా ఉండేదో అడిగాను. చింతతోపుల్లో బండ్లు విప్పేవాళ్ళు. మూడు రాళ్ళు పెట్టి ఆడవాళ్ళు సంగటి కెలికేవాళ్ళు. ఊరూరా ఎవరో ఒకరు మజ్జిగ కడవతో ఎదురొచ్చేవాళ్ళు. "పేరు, ఊరు అడిగేవాళ్ళు కాదు. కోనకా నాయనా అనేవాళ్ళు, అంతే." ఉదయగిరి వైపు బెడుసుపల్లిలో పుట్టిన కాశినాయన బతికినన్నాళ్ళూ ఆకలన్నవాళ్ళకు అన్నం పెట్టించాడు. ఆయన పేరుతో ఈ సీమలో ఇప్పటికీ పొయ్యిలు వెలుగుతున్నాయి. నాకు అంతకంటే గొప్ప క్షేత్రధర్మం తెలియదు.

రాత్రికి ఒక ఊళ్ళో రామాలయం అరుగు మీద పడుకున్నాం. ఆ వీధి ఇల్లాలు అన్నం, గోంగూర పచ్చడి తెచ్చి పెట్టింది. మామను "తాతా", నన్ను "అన్నా" అంది. మా పేర్లు ఆమె కూడా అడగలేదు.

18 జనవరి, శనివారం. పెంచలకోన

గోనుపల్లి దాటితే కొండలు రెండువైపులా దగ్గరికొస్తాయి. గాలి మారుతుంది. చుట్టూ ఉన్న అడవి స్వామి పేరనే అభయారణ్యం, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా. ఎర్రచందనం పుట్టిన నేల.

హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రంతో ఈ అడవుల్లో తిరుగుతున్న నరసింహుడు చెంచులక్ష్మిని చూసి చల్లబడ్డాడని, చెంచులకు కన్యాశుల్కమిచ్చి పెళ్ళాడాడని కథ. అలిగిన మొదటి దేవేరి ఆదిలక్ష్మి ఏటికి అవతల నిలిచిపోయింది. ఆమె గుడి ఇప్పటికీ వేరుగానే ఉంది. అమ్మ అలకను ఇన్ని తరాలుగా ఎవరూ తీసిపారేయలేదు. ఆమె గడపకూ పోయి మొక్కుతున్నారు. ఈ క్షేత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

గొర్రెలకాపరి కథ మామ చెప్పాడు. ముసలివాడి రూపంలో ఎదురుపడిన స్వామి, ఊళ్ళో నా సంగతి చెప్పు, వెనక్కి తిరిగి చూడొద్దు అన్నాడట. కాపరి ఉండబట్టలేక చూశాడు. స్వామి ఉన్నచోటే శిలయ్యాడు, చూసినవాడూ శిలయ్యాడు.

గర్భగుడిలో చెక్కిన విగ్రహం కాదు, ఒకదానికొకటి పెనవేసుకున్నట్టున్న రాళ్ళ రూపం. ఆ రాతినే చందనంతో, పూలతో సింగారిస్తారు. కుమానోలోని నాచిలో 133 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతమే దేవుడు. అక్కడ యాత్రికులు నేరుగా ఆ నీళ్ళకే చేతులు జోడిస్తారు. ఇక్కడ రాయి, అక్కడ నీరు. కొండనే దేవుడనుకొన్న జనం రెండు చోట్లా ఉన్నారు.

వరుసలో నా ముందు ఒక పెంచలమ్మ, వెనక ఇద్దరు పెంచలయ్యలు. నెల్లూరు, కడప జిల్లాల్లో ఈ పేరు లేని వీధి అరుదు. దర్శనమయ్యాక మామ కళ్ళు తుడుచుకున్నాడు. నేనేమీ అడగలేదు.

20 జనవరి, సోమవారం. అనంతసాగరం

బస్సులో తిరిగొచ్చాం. అత్త వేన్నీళ్ళు కాచిపెట్టింది.

ఇంకొక్క సంగతి రాయాలి. 1906 తర్వాత జపాను ప్రభుత్వం చిన్నచిన్న గుళ్ళను పెద్దవాటిలో కలిపేసింది. కలిపేసిన గుళ్ళ వనాలు గొడ్డలికి పోయాయి. కుమానో సీమలో స్థిరపడిన మినకత కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ కొట్టివేతకు అడ్డంపడ్డాడు. 1910లో జైలుకు కూడా పోయాడు. కొన్ని చెట్లయినా మిగిలాయంటే ఆయన పోరే కారణం. 2004లో యునెస్కో ఆ కొండదారులను ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మిగిల్చుకున్నారు కనుకే చేర్చడానికి ఏదో ఉంది.

మా పిల్లలు ఎప్పుడైనా ఈ పుటలు తిప్పుతారు. వాళ్ళకు చెప్పేది ఇది. కోనలో జరిగే వైశాఖ బ్రహ్మోత్సవాలకు నడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. అనంతసాగరం నుంచి గోనుపల్లి దాకా మీ ఊరి హద్దులో రోడ్డు పక్కన నాలుగు వేపమొక్కలో రావిమొక్కలో నాటి, రెండు ఎండాకాలాలు నీళ్ళు పోయండి. ఎండల్లో ఒక చలివేంద్రం పెట్టండి. అడవిలో నిప్పు రాజేయకండి, ప్లాస్టిక్ పారేయకండి. నడిచి వచ్చేవాడు కనిపిస్తే పేరు అడగక ముందే మంచినీళ్ళు ఇవ్వండి.